వేరుబుడిపెలున్న మట్టి నుంచి వైరస్ వస్తుందా?

ప్రశ్న: టమాటా మొక్క పీకి చూస్తే వేర్ల నిండా బుడిపెలు. పైన ఆకులు ముడుచుకుని గిడసబారింది. ఈ ఆకుముడత వైరస్‌ను నులిపురుగులే ఎక్కించాయా? మట్టికి మందు వేస్తే ఆగుతుందా?

జవాబు: ఆగదండీ. బుడిపెలు చేసే నులిపురుగు (నెమటోడ్, మట్టిలో ఉండే సన్నని పురుగు) వైరస్‌ను మోయదు. టమాటా ఆకుముడత తెల్లదోమతో వస్తుంది, దానికి నారుమడి మీద 40–50 మెష్ నైలాన్ వల కట్టుకోవాలి. బుడిపెల సంగతి వేరే, దాన్ని విడిగా చూసుకోవాల్సిందే.

ఇంకొకరు: మరి వైరస్‌ను మోసేవి ఏవి? ఎలా మోస్తాయి?

జవాబు: వేరు బయటే ఉండి నోటి సూది గుచ్చి పీల్చే నులిపురుగులు: జిఫినిమా, లాంగిడోరస్, ట్రైకోడోరస్, పారాట్రైకోడోరస్. ద్రాక్షలో ఫ్యాన్‌లీఫ్ వైరస్‌ను (ఆకులు విసనకర్రలా మారే రోగం తెచ్చేది) జిఫినిమా ఇండెక్స్ మోస్తుందని 1958లో కాలిఫోర్నియాలో హెవిట్, రాస్కి, గోహీన్ చూపించారు. రోగమున్న వేరును పీల్చినప్పుడు వైరస్ కణాలు సూది వెనక గొట్టం లోపలి పొరకు అంటుకుంటాయి. తర్వాత ఇంకో వేరులోకి లాలాజలం వదిలినప్పుడు ఊడి అందులోకి పోతాయి. పురుగు ఒంట్లో వైరస్ పెరగదు, గుడ్లలోకీ వెళ్లదు. పిల్లపురుగు కుబుసం విడిస్తే ఆ పొరతోపాటే వైరస్ కూడా పోతుంది. పెద్దది మళ్లీ కుబుసం విడవదు, చిక్కంతా అక్కడే.

ప్రశ్న: ద్రాక్ష తీసేసి ఏడాది బీడు పెట్టి మళ్లీ ద్రాక్షే వేస్తే?

జవాబు: చాలదు. తెగి మట్టిలో మిగిలిన ద్రాక్ష వేర్లు ఏళ్ల తరబడి బతికి పురుగును పోషిస్తాయి. అసలు వేర్లే లేని మట్టిలో కూడా జిఫినిమా ఇండెక్స్ 4 ఏళ్ల వరకు వైరస్‌ను నిలుపుకున్నట్టు ప్రయోగాల్లో తేలింది. కాబట్టి వేర్లు లోతుగా ఏరేయడం మొదటి పని.

ఈ పురుగు ఉందో లేదో పరీక్షకు మట్టి పంపాలంటే: పై పొడి మట్టి తోసేసి, పాదుల దగ్గర 30–60 సెం.మీ. లోతు నుంచి 10–15 చోట్ల సన్నవేర్లతో సహా మట్టి తీసి కలపండి. అర కిలో పాలిథిన్ సంచిలో కట్టి నీడన ఉంచండి. ఎండలో ఆరినా, సంచి విసిరేసినా ఈ పురుగులు చస్తాయి, ఫలితం సున్నా వస్తుంది. జల్లెడ పట్టేవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది: జిఫినిమా సుమారు 3 మి.మీ. పొడవు, 60 మెష్ జల్లెడ మీదే అడ్డంగా చిక్కుకుంటుంది. దాన్ని చెత్త అనుకుని పారబోయకూడదు.

ఇంకొకరు: పురుగు కనబడితే వైరస్ ఉన్నట్టేనా?

జవాబు: కాదు. ఆ మట్టిలో వైరస్ లేని ద్రాక్ష మొక్కను పెంచి, తర్వాత వేర్లకు ఎలైజా (వైరస్‌ను పట్టే ప్రయోగశాల పరీక్ష) చేయించాలి. ఆకుల్లో లక్షణం కనబడకముందే వేర్లలో తగులుతుంది. ఇలా వైరస్‌ను పట్టడానికి పెంచే ఎర మొక్కగా అంజూర వద్దు. జిఫినిమా ఇండెక్స్ దాని మీద హాయిగా పెరుగుతుంది కానీ ఈ వైరస్ దానికి సోకదు, అందుకే ప్రయోగశాలల్లో వైరస్ లేని పురుగులను దాని మీదే పెంచుతారు.