రాబిన్ హుడ్ నిజంగా ఉన్నాడా? పాత రికార్డులు ఏమంటున్నాయి?

పాతకాగితాలు:
ఉన్నవాళ్లను కొట్టి లేనివాళ్లకు పెట్టిన దొంగ, రిచర్డ్ రాజుకు విధేయుడు, ఇంగ్లండ్‌లోని షెర్‌వుడ్ అడవి. చిన్నప్పటి నుంచీ వింటున్న కథ ఇదే. ఇందులో చరిత్ర ఎంత? చదివినవాళ్లు, అక్కడ తిరిగినవాళ్లు చెప్పండి.

యార్క్‌వాసి:
1225లో యార్క్ కోర్టుకు రాకుండా పారిపోయిన రాబర్ట్ హాడ్ అనేవాడి సొత్తు జప్తు చేశారు (రాబిన్ అంటే రాబర్ట్‌కు ముద్దుపేరు, హాడ్ అంటే హుడ్‌కు పాత రాత). విలువ 32 షిల్లింగుల 6 పెన్నీలు. మరుసటి ఏడు ఖజానా లెక్కల్లో అతన్ని పరారీ అని రాశారు. నాకు ఇతని మీదే గురి.

పద్దులపిచ్చి:
తొందరపడకండి. ఆ రోజుల్లో రాబర్ట్‌లు ఊరి నిండా ఉండేవాళ్లు, హుడ్ ఇంటిపేరూ అరుదు కాదు. నన్ను పట్టేసింది 1262 నాటి పద్దు. బర్క్‌షైర్‌లో దొంగల ముఠాతో తిరిగి పారిపోయిన విలియం, రాబర్ట్ అనే కమ్మరి కొడుకు. కోర్టు కాగితంలో అలాగే ఉంది. ఖజానా గుమస్తా మాత్రం అతన్నే 'విలియం రాబ్‌హాడ్' చేశాడు! రాబిన్ హుడ్ పేరు అప్పటికే దొంగలకు మారుపేరుగా జనం నోళ్లలో నానకపోతే అలా ఎందుకు రాస్తాడు?

పాతకాగితాలు:
మరి యార్క్‌షైర్‌లోని వేక్‌ఫీల్డ్ ఊరి రాబర్ట్ హుడ్ సంగతి? అసలు రాబిన్ అతనేనని 1852లో చరిత్ర పరిశోధకుడు జోసెఫ్ హంటర్ ప్రతిపాదించాడు కదా.

పద్దులపిచ్చి:
అతను రెండో ఎడ్వర్డ్ కాలం, అంటే 1320ల వాడండీ. 1262కే పేరు మోగిపోతే అతను మూలపురుషుడు ఎలా అవుతాడు?

డాంకాస్టర్‌దారి:
రాబిన్ మావాడంటే మావాడనే రెండు చోట్లకీ నేను వెళ్లాను, షెర్‌వుడ్ దగ్గరి నాటింగ్‌హామ్‌కూ, యార్క్‌షైర్‌కూ. నాటింగ్‌హామ్ కోట బయట విల్లు ఎక్కుపెట్టిన విగ్రహం, చుట్టూ ఫొటోలు దిగేవాళ్లు. యార్క్‌షైర్ బార్న్స్‌డేల్‌లో హైవే పక్కన 'రాబిన్ హుడ్ బావి' అనే చిన్న రాతి కట్టడం, అంతే. దాన్ని చూసి మనసు చివుక్కుమంది. ఎందుకంటే 1500 ప్రాంతంలో అచ్చైన పెద్ద గాథలో రాబిన్ దారి కాసేది ఈ బార్న్స్‌డేల్‌లోనే. అందులో రాజు ఎడ్వర్డ్. మేరియన్ ఊసే లేదు. పేదలకు పంచడం కూడా చివర్లో ఒక్క మాటే. మఠానికి అప్పుపడ్డ ఒక నైట్‌కు 400 పౌండ్లు ఇచ్చి భూమి నిలబెట్టడమే అసలు ఘట్టం.

పద్దులపిచ్చి:
అవును, అందులో అతను యోమన్, అంటే స్వతంత్రుడైన సామాన్యుడు, ప్రభువు కాడు. కథను రిచర్డ్ కాలానికి, అంటే 1190లకు, జరిపింది 1521లో స్కాట్లాండ్ చరిత్రకారుడు జాన్ మేజర్. హంటింగ్‌టన్ ప్రభువును చేసింది 1598 నాటి నాటకాలు. చరిత్ర వెతికేవాళ్లు ఈ రెండూ పక్కన పెట్టాలి.

యార్క్‌వాసి:
1262 పద్దు నా మనిషిని కొట్టేయదు కదండీ, అతను అంతకు 37 ఏళ్లు ముందు. పైగా అతని బాకీ యార్క్ సెయింట్ పీటర్ చర్చికి. గాథలో ఆ నైట్‌ను పీడించేదీ యార్క్ మఠమే, సెయింట్ మేరీస్. ఇది రుజువు కాదని తెలుసు. అయినా ఇంతకంటే దగ్గరగా వచ్చినవాడు మీకెవరైనా కనిపిస్తే చూపించండి.