ట్రైకో కార్డులు కట్టినా బెండలో పచ్చదోమ తగ్గలేదు, ఎందుకు?

గడియారాల తాత, చంద్రగిరి

నమస్కారం. నలభై ఏళ్ళు తిరుపతిలో గడియారాలు బాగుచేశాను. గడియారం కట్టుకునే చేతులు తగ్గిపోయాక అంగడి మూసేసి, మా నాన్న వదిలిపోయిన అర ఎకరంలో బెండ వేస్తున్నాను. వ్యవసాయంలో నా వయసు మూడేళ్ళే. తెలియక ఏమైనా తప్పు రాస్తే మన్నించండి.

ఆకుల అంచులు పసుపెక్కి, పైకి ముడుచుకుని దోనెల్లా అవుతున్నాయి. అంగడి మూసినా కంటి అద్దం మాత్రం జేబులోనే ఉంటుంది. ఆకు తిరగేసి దానితో చూస్తే అడుగున లేతాకుపచ్చ పిల్లపురుగులు కనిపించాయి. వేలు దగ్గరికి తెస్తే ఎండ్రకాయలా పక్కకు నడుస్తాయి. పక్క పొలం ఆయన చూసి పచ్చదోమ అన్నాడు. దీపపు పురుగు అని కూడా అంటారట.

మందు కొట్టాలంటే మనసొప్పలేదు. బెండకాయ రోజు విడిచి రోజు కోస్తాం. సోమవారం మందు కొట్టి బుధవారం కాయ సంతకు పంపితే తినేది ఎవరు? అందుకని పసుపు రంగు జిగురు అట్టలు నలభై వేలాడదీశాను. మందుల అంగడిలో అడిగితే ట్రైకో కార్డులు ఇచ్చి, "ఇందులోంచి చిన్న కందిరీగలు వస్తాయి, పురుగు గుడ్లన్నిటినీ చంపేస్తాయి" అన్నారు. ముక్కలుగా కత్తిరించి, సాయంత్రం పూట ఆకుల అడుగున పిన్నులు కొట్టాను. మూడో రోజు ఉదయం కార్డుకు అంటించి ఉన్న నల్లటి గుడ్లను లోపలినుంచి కొరుక్కుని అవి బయటికి రావడం కళ్ళారా చూశాను. ఆడవాళ్ళ చేతి గడియారంలో ఉండే అతి చిన్న స్క్రూ తలకంటే చిన్నవి. అందులోనే ఆరు కాళ్ళు, రెక్కలు, ఎర్రటి కళ్ళు! ఇంత పనితనం స్విట్జర్లాండు సరుకులో కూడా చూడలేదు.

ఇంతా చేస్తే, రెండు వారాలైనా పచ్చదోమ పచ్చదోమలాగే ఉంది. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫ్రెస్నో దగ్గర ఉంటున్న మా అమ్మాయి, అక్కడి ద్రాక్ష తోటల్లో ఇలాంటి కందిరీగలే దోమ గుడ్లను చంపుతాయని చెబుతోంది. అక్కడ పనిచేసింది ఇక్కడ ఎందుకు చేయలేదు? కార్డులు పాతబడ్డాయా, నేను కట్టడంలో తప్పుందా?

పలమనేరు రైతు

అయ్యా, ఇంకో వారం చూస్తూ కూర్చుంటే ఆకులు ఇటుక రంగుకు తిరిగి మాడిపోతాయి. మా తోటలో పోయిన ఎండాకాలం అదే జరిగింది. ఇమిడాక్లోప్రిడ్ ఒక్కసారి కొట్టి, నాలుగు కోతలు వదులుకోండి. కంటికి కనిపించని కందిరీగను నమ్ముకుని పెట్టుబడి పెట్టలేం.

పుత్తూరు పురుగులమ్మ

బాబాయ్ గారూ, పురుగులను పెంచే ప్రయోగశాలలో పదేళ్ళుగా పనిచేస్తున్నాను. కార్డులు మంచివే, మీరు కట్టిన పద్ధతీ మంచిదే. కానీ కార్డు ఒక పురుగుకి, మీ బాధ ఇంకో పురుగుతో.

కార్డులో ఉన్నది ట్రైకోగ్రామా. అది సీతాకోకచిలుక జాతి రెక్కల పురుగుల గుడ్ల మీద బతుకుతుంది. బెండలో కాయతొలిచే పురుగు, చెరకులో పీక పురుగు, టమోటాలో కాయతొలిచే పురుగు, ఇవన్నీ ఆకు మీదో కాండం మీదో పైకి కనిపించేలా గుడ్లు పెడతాయి. పచ్చదోమ అలా పెట్టదు. తోక చివర ఉన్న సూదితో ఆకు ఈనెను చీల్చి, గుడ్డును లోపల దాస్తుంది. మీ ట్రైకోగ్రామా ఆ ఈనె మీదుగా వందసార్లు నడిచినా దానికి పట్టదు.

ఈనెలో దాచిన గుడ్డును కనిపెట్టేది వేరే జాతి. మీ అమ్మాయి చెప్పింది దాని గురించే. పేరు అనాగ్రస్. మిల్లీమీటరు కూడా ఉండదు. ఆకు మీద తడుముకుంటూ నడిచి, గుడ్డున్న చోటు పసిగట్టి, ఈనెలోకే సూది దించి దోమ గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. లోపల పెరిగే పిల్ల దోమ గుడ్డునే తిని పెద్దదవుతుంది. మన దేశంలోనూ బెండ, పత్తి పచ్చదోమ గుడ్ల మీద ఈ జాతి ఉంది.

దీనికి కార్డులు ఎందుకు రావంటే, ట్రైకోగ్రామాను మేము బియ్యానికి పట్టే పురుగు గుడ్ల మీద పెంచుతాం. ఆ గుడ్లను డబ్బాల కొద్దీ తీసి అట్టకు అంటించవచ్చు. అనాగ్రస్‌కు మాత్రం మొక్క లోపల ఉన్న దోమ గుడ్డే కావాలి. దాన్ని పెంచాలంటే ముందు మొక్కలు, తర్వాత వాటి మీద దోమలు పెంచాలి. అట్టకు ఏం అంటిస్తాం?

కాలిఫోర్నియావాళ్ళు కూడా దాన్ని కొనుక్కోలేదు. 1960లలో డౌట్, నకాటా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సంగతి గమనించారు. వాగుల పక్కన అడవి బ్లాక్‌బెర్రీ పొదలున్న చోట, దగ్గరి ద్రాక్ష తోటల్లో దోమ తక్కువ. ద్రాక్ష దోమ చలికాలాన్ని పెద్ద పురుగుగానే గడుపుతుంది, గుడ్లు పెట్టదు. గుడ్లు లేకపోతే కందిరీగకు బతుకు లేదు. బ్లాక్‌బెర్రీ మీద ఉండే వేరే దోమ చలికాలంలోనూ గుడ్లు పెడుతుంది, కందిరీగ ఆ గుడ్లలో తలదాచుకుని వసంతంలో ద్రాక్షకు వస్తుంది. తర్వాత కొందరు రైతులు తోటకు గాలి వచ్చే వైపున ప్రూన్ అనే ఒక రకం ప్లమ్ పండ్ల చెట్లు కూడా నాటారు. ఆ చెట్ల కొమ్మల్లో ఇంకో దోమ గుడ్లు చలికాలమంతా ఉంటాయి కాబట్టి. మనకు ఆ చలి లేదు, ఆ చెట్లూ అక్కర్లేదు. కానీ పొలమంతా ఒకే రోజు మందు కొడితే కందిరీగకు మన దగ్గరా తలదాచుకునే చోటు ఉండదు.

ఇంకో మాట, కోపగించుకోకండి. మీ జిగురు అట్టలు. పసుపు రంగుకు దోమ ఒక్కటే రాదు, అనాగ్రస్ కూడా వస్తుంది. దోమ ఎంత ఉందో తెలుసుకోవడానికి నాలుగు అట్టలు చాలు. దోమ మరీ ఎక్కువగా ఉన్న వరుసలకే వేపనూనె కొట్టండి.

మీ పొలంలో అనాగ్రస్ ఉందో లేదో చూడాలంటే, లేత ఆకులు కాకుండా కొంచెం ముదిరిన ఆకులు కోసి, పైన ఉన్న పురుగులన్నీ దులిపి, నల్ల కాగితం అతికించిన అట్టపెట్టెలో పెట్టండి. ఒక పక్క రంధ్రం చేసి గాజు సీసా దూర్చండి. లోపల ఏది పుట్టినా వెలుతురు కోసం సీసాలోకి వస్తుంది.

గడియారాల తాత, చంద్రగిరి

పదిహేడు రోజులైంది. అందరికీ నమస్కారాలు, పుత్తూరు అమ్మాయికి ఇంకొకటి ఎక్కువ.

ముందు జిగురు అట్టలు విప్పాను. ఒకదాన్ని బల్ల మీద పెట్టి అద్దంతో గళ్ళు గళ్ళుగా వెతికాను. దోమలు లెక్కలేనన్ని. వాటి మధ్య, దుమ్మే అనుకుని ఎవరైనా ఊదేసే నలుసులు పదకొండు. ఒక్కొక్క దానికి పుల్లల్లాంటి సన్నటి రెక్కలు, అంచుల వెంబడి దువ్వెన పళ్ళలా వెంట్రుకలు. కార్డులోంచి వచ్చినవాటి రెక్కలు వెడల్పు, ఇవి అవి కావు. అంటే పనివాళ్ళు పొలంలోనే ఉన్నారు, నేనే జిగురు పెట్టి చంపుకున్నాను. ముప్పయ్యారు అట్టలు తీసేశాను.

చెప్పుల పెట్టెకు ఇంజక్షన్ సీసా బిగించాను. పన్నెండో రోజు సీసాలో మూడు తిరుగుతున్నాయి. ఇంట్లో పిలిచి చూపిస్తే "ఏమీ లేదు కదా" అంది. అద్దం పెట్టాక మాట్లాడలేదు. అవి అనాగ్రస్ అవునో కాదో తిరుపతి వ్యవసాయ కళాశాలలో చూపించాలని సీసా మూత బిగించి ఉంచాను.

దోమ పోలేదు. రోడ్డు వైపు ఆరు వరుసలకు వేపనూనె కొట్టాను, మిగతావి వదిలేశాను. కొత్త ఆకులు ఇప్పటికైతే ముడుచుకోవడం లేదు.

పలమనేరు తమ్ముడూ, కంటికి కనిపించని కందిరీగ అన్నావు. నా దగ్గర అద్దాలు రెండున్నాయి. ఇటు వచ్చినప్పుడు ఒకటి తీసుకెళ్ళు.