అగ్లుటినేషన్ రకాల నిర్వచనాలు ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయి, ఎవరైనా విడమరిచి చెప్పండి

శ్రీకాకుళం, డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) విద్యార్థిని:
నమస్కారమండీ. వచ్చే వారం ఇమ్యునాలజీ పరీక్ష. ప్యాసివ్, రివర్స్ ప్యాసివ్, కోఅగ్లుటినేషన్ ఒక నోట్సులో ఒకలా, ఇంకోదాంట్లో మరోలా ఉన్నాయి. బట్టీ పట్టినా వైవాలో కొంచెం తిప్పి అడిగితే చెప్పలేకపోతున్నా. చాలా టెన్షన్‌గా ఉంది.

విజయనగరం, ల్యాబ్ టెక్నీషియన్:
కంగారు పడకమ్మా. ముందు పేర్లు పక్కన పెట్టు. ఏ పరీక్షకైనా రెండే ప్రశ్నలు వేసుకో: ముద్ద కట్టే రేణువు ఏది? దాని మీద ఉన్నది యాంటిజెనా (యాంటీబాడీ పట్టుకునే పదార్థం), యాంటీబాడీయా (దాన్ని పట్టుకునే రక్షక ప్రొటీన్)?

రేణువు రూపంలో ఉన్న యాంటిజెన్ తన యాంటీబాడీతో కలిసి కంటికి కనిపించే ముద్దలు కడితే అగ్లుటినేషన్. యాంటిజెన్ ద్రవంలో కరిగి ఉంటే ప్రెసిపిటేషన్. ఈ తేడా తప్పకుండా రాయి.

యాంటిజెన్ ఆ కణానికి సొంతమైతే డైరెక్ట్. బ్లడ్ గ్రూపింగ్, టైఫాయిడ్‌కి చేసే విడాల్ ఈ కోవలోవే. విడాల్ ట్యూబు పద్ధతిలో రోగి సీరమ్‌ని (రక్తం గడ్డకట్టాక పైన మిగిలే ద్రవం) పలచన చేసుకుంటూ పోతాం, ముద్ద కనిపించిన ఆఖరి పలచనే టైటర్. ‘O’ యాంటిజెన్ (క్రిమి ఒంటి మీదిది) ముద్ద సన్నని రవ్వలా గట్టిగా ఉంటుంది, ‘H’ యాంటిజెన్ (క్రిమి తోకలాంటి కశాభాలది) ముద్ద దూదిపింజలా వదులుగా ఉంటుంది. ఒక్కసారి ట్యూబులు చేత్తో పట్టుకుని చూడు, ఇక మరిచిపోవు.

కరిగే యాంటిజెన్‌ని లేటెక్స్ రేణువులకు (సన్నటి ప్లాస్టిక్ పూసల్లాంటివి) అంటించి, రోగి సీరమ్‌లో యాంటీబాడీ వెతికితే ప్యాసివ్. ఏఎస్ఓ (స్ట్రెప్టోకాకస్ క్రిమి విషానికి ఎదురుగా పుట్టే యాంటీబాడీ) లేటెక్స్ అలాంటిదే. లేటెక్స్‌కి యాంటీబాడీ అంటించి యాంటిజెన్ కోసం వెతికితే రివర్స్ ప్యాసివ్.

కోఅగ్లుటినేషన్ దగ్గరే అందరూ తడబడతారు. అందులో స్టెఫైలోకాకస్ ఆరియస్ ఉంటుంది కానీ మనం వెతికే క్రిమి అది కాదు, మోసే రేణువు మాత్రమే. దాని మీది ప్రొటీన్ ఏ, ఐజీజీ అనే యాంటీబాడీని ఎఫ్‌సీ (తోక) వైపు పట్టుకుంటుంది. ఫ్యాబ్ కొసలు బయటికి ఉండి యాంటిజెన్‌ని అందుకుంటాయి.

విద్యార్థిని:
మరి వీల్-ఫెలిక్స్, వీడీఆర్ఎల్ (సిఫిలిస్ పరీక్ష) ఎందులోకి వస్తాయండీ?

శ్రీకాకుళం, మైక్రోబయాలజీ లెక్చరర్:
వీల్-ఫెలిక్స్ అగ్లుటినేషనే, కానీ హెటిరోఫైల్ రకం. టైఫస్ జాతి జ్వరాల్లో పుట్టే యాంటీబాడీలు ప్రోటియస్ అనే బ్యాక్టీరియాలోని కొన్ని రకాలతోనూ కలుస్తాయి కాబట్టి ఆ ప్రోటియస్‌నే యాంటిజెన్‌గా వాడతారు. స్క్రబ్ టైఫస్‌లో ఓఎక్స్-కే అనే ప్రోటియస్ రకం ముద్ద కడుతుంది. వీడీఆర్ఎల్ మాత్రం ఫ్లాక్యులేషన్ (ముద్ద అడుగుకి దిగకుండా రేకుల్లా తేలడం), దాన్ని ప్రెసిపిటేషన్ కింద రాయమ్మా.

ప్రోజోన్ కూడా చదువుకో, వైవాలో ఇష్టంగా అడుగుతారు. యాంటీబాడీ మరీ ఎక్కువైతే మొదటి ట్యూబుల్లో ముద్ద రాదు, పలచన చేసిన వాటిలో వస్తుంది. బ్రూసెల్లా పరీక్షలో ఇది బాగా కనిపిస్తుంది. అందుకే మొదటి రెండు ట్యూబులు చూసి నెగెటివ్ అని రాసేయకూడదు.

విద్యార్థిని:
అయితే సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉన్నప్పుడు రక్తంలో పెరిగే ప్రొటీన్) లేటెక్స్‌లో ముద్ద వస్తే, రోగి సీరమ్‌లో దొరికింది యాంటిజెన్ అన్నమాటేనా?

ల్యాబ్ టెక్నీషియన్:
అవునమ్మా. అక్కడ సీఆర్‌పీయే యాంటిజెన్, లేటెక్స్ మీద ఉన్నది దాని యాంటీబాడీ. రివర్స్ ప్యాసివ్ అని ధైర్యంగా రాసెయ్.