ఆడపిల్లల కోసం గులాబీ రంగు ఇంజనీరింగ్ కిట్లు: కొనాలా, వద్దా?

నిజాంపేట అమ్మ (చర్చ మొదలుపెట్టినవారు)

మా పాపకి వచ్చే నెల ఏడేళ్ళు నిండుతాయి. పుట్టినరోజుకి ఏదైనా కట్టి ఆడుకునే బొమ్మ కొనాలని ఉంది. బ్లాకులైనా సరే, నట్లూ బోల్టులూ బిగించేదైనా సరే. ఆన్‌లైన్‌లో వెతికితే రెండు రకాలు కనిపిస్తున్నాయి. ఒకటి క్రేను, జీపు, విమానం కట్టేది, డబ్బా మీద అబ్బాయి ఫోటో. రెండోది గులాబీ, ఊదా రంగుల్లో ఆడపిల్లల కిట్ అని అమ్మేది. అందులో కట్టేవి ఊయల, అద్దం బల్ల, ఐస్‌క్రీమ్ బండి. ముక్కలు తక్కువ, ధర ఎక్కువ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ రెండో రకం కొనకూడదు. "ఇంజనీరింగ్ అబ్బాయిలది, నీ కోసం కాస్త తేలిక చేసి ఇచ్చాం" అని పాపకి డబ్బా మీదే చెప్పేస్తున్నారు. మా ఆడపడుచు ఒప్పుకోవడం లేదు. "రంగు ఏదైతే ఏం వదినా, ముందు చేత్తో పట్టుకుంటుంది కదా" అంటోంది.

ఇది కొత్త గొడవ కాదు. ప్లాస్టిక్ బ్లాకుల బొమ్మలు చేసే లెగో కంపెనీ 2012లో 'లెగో ఫ్రెండ్స్' అని ఆడపిల్లల కోసం విడిగా తెచ్చింది. లేత రంగులు, మామూలు లెగో మనుషులకి బదులు సన్నటి బొమ్మలు, బ్యూటీ పార్లరు, కేఫ్. దాని మీద 50 వేల మందికి పైగా పిటిషన్‌లో సంతకాలు పెట్టారు. అదే కంపెనీ 1974లో డబ్బాల్లో తల్లిదండ్రులకి ఒక కాగితం పెట్టింది. ఏదో ఒకటి తయారుచేయాలనే కోరిక ఆడపిల్లలకీ మగపిల్లలకీ సమానంగానే ఉంటుంది, ఏం కట్టాలో వాళ్ళకే వదిలేయండి అని అందులో ఉంది. అప్పటికి తెలిసిన సంగతి నలభై ఏళ్ళు తిరక్కుండానే ఎలా మర్చిపోయారు?

మీరేమంటారు?

ఫ్రీమాంట్ నాన్న

అమ్మా, లెగో ఫ్రెండ్స్‌ని అంత తేలిగ్గా తీసేయొద్దు. మొదట వచ్చిన సెట్లలోనే ఒలీవియా అనే అమ్మాయికి సొంత వర్క్‌షాపు ఉంది, అందులో పనిముట్లూ రోబో ఉన్నాయి. పార్లరు ఒక్కటే కాదు.

మా ఇంట్లో గోల్డీబ్లాక్స్ అనే కిట్ కొన్నాం. స్టాన్‌ఫోర్డ్‌లో ఇంజనీరింగ్ చదివిన డెబ్బీ స్టెర్లింగ్ 2012లో కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైటు ద్వారా జనం దగ్గర డబ్బు పోగుచేసి దీన్ని మొదలుపెట్టారు. ఆడపిల్లలు కథలంటే ఇష్టపడతారు, కాబట్టి యంత్రాన్ని కథలో పెడదాం అన్నది ఆవిడ ఆలోచన. గోల్డీ అనే అమ్మాయి తన కుక్కని గిరగిరా తిప్పడానికి చక్రాలకి రిబ్బన్ చుట్టి, ఒకటి తిప్పితే మిగతావీ తిరిగేలా బెల్ట్ డ్రైవ్ చేస్తుంది. పిల్ల చదువుకుంటూ అదే కడుతుంది. మా అమ్మాయి కథ కోసమే పట్టుకుంది, కొన్నాళ్ళకి కథ వదిలేసి ఆ రిబ్బన్‌ని కుర్చీ కాళ్ళకి చుట్టి తిప్పడం మొదలుపెట్టింది. నాకు అంతకంటే ఏం కావాలి? అందులో లోటేమిటంటే ముక్కలు తొందరగా అయిపోతాయి. పుస్తకంలో ఉన్నది కట్టాక వాటితో ఇంకేం కట్టాలో తోచదు. అందుకని తర్వాత మామూలు లెగో పెద్ద డబ్బా కొనిచ్చాం.

మా కాలిఫోర్నియాలో చట్టం కూడా వచ్చింది. 500 మందికి పైగా ఉద్యోగులున్న పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లు ఆడ, మగ అని విడదీయకుండా ఒక బొమ్మల విభాగం పెట్టాలి. 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. పెట్టకపోతే మొదటిసారి 250 డాలర్ల వరకు జరిమానా. షాపుల్లో నాకైతే పెద్ద మార్పు కనిపించలేదు. అరలు కలిపినా డబ్బా మీద బొమ్మ మారకపోతే లాభం లేదు.

నెల్లూరోడు

నేను ఇద్దరి మాటా ఒప్పుకోను. కంపెనీలు, డబ్బాలు, రంగులు అని ఇంత ఆలోచించడం అనవసరం. ఇష్టాలు కొంతవరకు పుట్టుకతోనే వస్తాయి. 2002లో వెర్వెట్ కోతుల మీద ఒక ప్రయోగం జరిగింది. మగ కోతులు కారుతో, బంతితో ఎక్కువ సేపు ఆడాయి, ఆడ కోతులు బొమ్మతో, వంటగిన్నెతో. 2008లో రీసస్ కోతుల మీద ఇంకోటి చేశారు, మగవి చక్రాల బొమ్మలవైపే వెళ్ళాయి. కోతులకి టీవీ ప్రకటనలు లేవు, అత్తలూ పిన్నులూ లేరు. మా అబ్బాయికీ అమ్మాయికీ ఒకే బుట్టలో అన్ని బొమ్మలూ వేసి ఇచ్చాం. వాడు కారు పట్టుకున్నాడు, అది బొమ్మకి జడ వేసింది. నేనేమీ నేర్పలేదు.

పిల్లకి ఏది ఇష్టమైతే అది కొనండి. అది గులాబీ రంగు ఊయల అయినా సరే. ఇంజనీరు కావాలని ఏడేళ్ళ పిల్లని తోయడం కూడా ఒత్తిడే.

నిజాంపేట అమ్మ

శ్రద్ధగా రాశారు, అందుకే శ్రద్ధగానే జవాబిస్తున్నాను. ఆ వంటగిన్నె సంగతే చూడండి. కోతికి వంట ఏం తెలుసు? పొయ్యి మీద గిన్నె పెట్టే కోతిని ఎవరూ చూడలేదు. అది ఆడవాళ్ళ వస్తువు అని ముందే గీత గీసింది మనుషులు. ఆడ కోతి దాన్ని ఎందుకు పట్టుకుందో, బహుశా రంగు వల్లో ఆకారం వల్లో, కానీ ఆడతనం వల్ల అని తేల్చలేం. ఇక 2008 ప్రయోగంలో మగవాటికి చక్రాల మీద మక్కువ గట్టిగా ఉంది, నిజమే. ఆడ కోతులు మాత్రం రెండు రకాలతోనూ ఆడాయి, ఏ ఒక్కదానివైపో అంత గట్టిగా మొగ్గలేదు. మరి ఆడపిల్లలకి రెండూ అందుబాటులో ఉంచాలన్న నా మాటకే అది బలం కదా?

ఒత్తిడి అన్నారు. 2017లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఒకటి నన్ను చాలా కలవరపెట్టింది. "చాలా చాలా తెలివైనవాళ్ళు" ఎవరు అని అడిగితే అయిదేళ్ళ ఆడపిల్లలు మగపిల్లల్లాగే తమ వాళ్ళనే చూపించారు. ఆరేళ్ళు వచ్చేసరికి ఆడపిల్లలు అలా చూపించడం తగ్గిపోయింది. ఇది బాగా తెలివైన పిల్లల కోసం పెట్టిన ఆట అని చెబితే, దాని మీద ఆసక్తి కూడా తగ్గింది. ఆ ఒక్క ఏడాదిలో వాళ్ళ చెవిన ఏం పడిందో? మా పాప ఆ వయసులోనే ఉంది. నేను తోయడం లేదండీ, తలుపు మూసుకుపోకుండా పట్టుకుంటున్నాను.

ఈడీ మాస్టారు, కాకినాడ

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరానికి డ్రాయింగ్ చెబుతాను. కోతుల కంటే నాకు పిల్లలు ఎక్కువ తెలుసు.

పాయింట్లు, లైన్ల ప్రొజెక్షన్ల దాకా, అంటే అవి పైనుంచీ ఎదురుగానూ ఎలా కనిపిస్తాయో గీయడం దాకా, అందరూ బాగానే వస్తారు. సాలిడ్స్ (ఘనాకారాలు) మొదలవగానే క్లాసు రెండుగా చీలుతుంది. షట్కోణపు ప్రిజమ్‌ని హెచ్.పి.కి, అంటే నేలలాంటి అడ్డ తలానికి, 45 డిగ్రీల వంపులో ఉంచితే పైనుంచి ఎలా కనిపిస్తుందో కొందరికి చెప్పగానే కళ్ళకి కడుతుంది. కొందరికి ఎంత చెప్పినా అవి ఒట్టి గీతలే. నా క్లాసుల్లో ఈ రెండో గుంపులో ఆడపిల్లలే ఎక్కువ. లెక్కల్లోనూ ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకులోనూ ముందున్న పిల్లలే, ఇక్కడికొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. అప్పుడు బంగాళాదుంపని కోన్‌లాగా చెక్కి, వంపుగా కోసి చూపిస్తాను. తర్వాత సబ్బుబిళ్ళలిచ్చి వాళ్ళనే కోయమంటాను. కోసిన ముఖాన్ని కాగితానికి ఆనించి చుట్టూ గీసుకోమంటాను. సెమిస్టరు సగం అయ్యేసరికి చాలామందికి ఆ తేడా పోతుంది. పుట్టుకతోనే రావాల్సినదైతే, లేనివాళ్ళకి అంత తొందరగా ఎలా వస్తుంది?

ఇది నా ఒక్కడి మాట కాదు. అమెరికాలో మిచిగన్ టెక్ యూనివర్సిటీలో షెరిల్ సోర్బీ అనే ప్రొఫెసర్ 1993లో ఇందుకోసమే ఒక కోర్సు పెట్టారు. చదువుకునే రోజుల్లో గ్రాఫిక్స్‌లో, అంటే ఈ డ్రాయింగ్‌లోనే, ఆవిడే ఇబ్బంది పడ్డారు. వస్తువుని మనసులోనే తిప్పి చూసే పరీక్ష ఒకటి పెట్టి, అందులో తప్పినవాళ్ళకి ఈ కోర్సు చెప్పారు. చేసినవాళ్ళ మార్కులు పెరిగాయి, మధ్యలో ఇంజనీరింగ్ వదిలేసే ఆడపిల్లలు తగ్గారు. ఆ పరీక్ష బాగా రాసినవాళ్ళని ఆరా తీస్తే బయటపడిన సంగతుల్లో ఒకటి, చిన్నప్పుడు కట్టే బొమ్మలతో ఆడుకుని ఉండటం.

అందుకే మేడమ్, రంగు గురించి నాకు పట్టింపు లేదు. మీరు మొదట్లోనే ముక్కలు తక్కువ అన్నారు చూడండి, అసలు అభ్యంతరం అక్కడ ఉండాలి. ఒక్క ఊయల తప్ప ఇంకేదీ కట్టలేని కిట్ నీలం రంగులో ఉన్నా దండగే. విప్పి ఇంకోలా బిగించగలగాలి. మనవైపు దొరికే మెకానిక్స్ లాంటి రంధ్రాల పట్టీలు చాలు. 1901లో ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ పేటెంట్ తీసుకున్న మెకానో పద్ధతే అది, ఇప్పటికీ దాన్ని మించింది తక్కువ.

మెకానికల్ అమ్మాయి

మాస్టారూ, మీలాంటి వాళ్ళు మా కాలేజీలో ఉంటే బాగుండేది.

కానీ బొమ్మల దగ్గరే ఆగిపోతే అసలు చోటు దాటిపోతాం. నేను మెకానికల్ చదివాను, ఇప్పుడు ఒక ఫౌండ్రీలో (లోహాన్ని కరిగించి పోతపోసే ఫ్యాక్టరీ) క్వాలిటీ చూస్తున్నాను. మన ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో ఆడపిల్లలకి మూడో వంతు సీట్లు రిజర్వేషన్ ఉంది. ఐఐటీల్లో 2018 నుంచి అదనపు సీట్లు పెట్టి, 2020 కల్లా 20 శాతానికి తెచ్చారు. సీటు లేక ఆగిపోయిన అమ్మాయిలు మా బంధువుల్లో లేరు. ఏ కాలేజీ, ఏ బ్రాంచి కావాలో వెబ్ ఆప్షన్లు పెట్టే రాత్రి ఆగిపోతారు. ఇంట్లో అందరూ కంప్యూటర్ చుట్టూ కూర్చుంటారు, మెకానికల్ అనగానే "ఆడపిల్లవి, షాపు ఫ్లోరులో యంత్రాల మధ్య ఏం నిలబడతావు, నైట్ షిఫ్టు అంటారు, సంబంధాలు చూసేటప్పుడు ఏం చెప్పాలి" అని మొదలవుతుంది. చిన్నప్పుడు మెకానిక్స్ సెట్ కొనిచ్చిన నాన్నే సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) పెట్టమంటాడు. అబ్బాయిలు కూడా సీఎస్ఈకే పరిగెడుతున్నారు, కాదనను. కానీ వాళ్ళు ఉద్యోగం చూసుకుని వెళ్తారు, మమ్మల్ని భయపెట్టి పంపిస్తారు.

ఎ. లలిత గారి గురించి ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. అయ్యలసోమయాజుల లలిత, 1919లో మద్రాసులో ఒక తెలుగింట్లో పుట్టారు. 15 ఏళ్ళకి పెళ్ళి, 18 ఏళ్ళకి వైధవ్యం, ఒళ్ళో నెలల బిడ్డ. ఆ రోజుల్లో అలాంటి అమ్మాయికి ఇల్లే లోకం. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలోనే ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. ఆయన ప్రిన్సిపాల్‌ని ఒప్పించి కూతుర్ని చేర్పించారు. 1943లో పట్టా తీసుకున్నారు, దేశంలోనే మొదటి మహిళా ఇంజనీర్లలో ఒకరు. పట్టాలో అచ్చయి ఉన్న మగవాళ్ళ సర్వనామాన్ని కొట్టేసి దిద్ది ఇచ్చారు. తర్వాత కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ (ఏఈఐ) కంపెనీలో పనిచేశారు, భాక్రానంగల్ డ్యామ్ జనరేటర్ల పనిలో ఆవిడ చెయ్యి ఉంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్ల తొలి అంతర్జాతీయ సదస్సుకి వెళ్ళారు. ఆవిడని అక్కడిదాకా తెచ్చింది బొమ్మల డబ్బా కాదు, "నువ్వు చదువు" అని ఇంట్లో ఒక పెద్దమనిషి గట్టిగా నిలబడటం.

నెల్లూరోడు

లలిత గారి విషయం చదివి చాలా సంతోషం వేసింది అక్కా. మాస్టారు గారి బంగాళాదుంప కూడా నన్ను ఆలోచనలో పడేసింది. అయినా పిల్లకి నచ్చనిది కొనకూడదన్న మాట మీద నేను అలాగే ఉన్నాను.

తెనాలి బొమ్మల కొట్టు

అమ్మేవాడి మాట కూడా వినండి. కొట్టుకి వచ్చేవాళ్ళలో చాలామంది సొంత పిల్లలకి కొనేవాళ్ళు కాదు, పుట్టినరోజుకి వెళ్తూ దారిలో ఆగినవాళ్ళు. ఆ పిల్లకి ఏది ఇష్టమో వాళ్ళకి తెలియదు. అందుకే మేమూ "బాబుకా, పాపకా? వయసెంత?" అనే అడుగుతాం, వాళ్ళూ అదే చెబుతారు. బడ్జెట్ చెప్పగానే పాపకైతే కిచెన్ సెట్టు, బాబుకైతే రిమోట్ కారు, గిఫ్ట్ ప్యాక్ అయిపోతుంది. రిటర్న్ గిఫ్టులు మరీనూ, చెరో రకం డజన్ల లెక్కన తీసుకెళ్తారు. అరలు అలా సర్దింది కంపెనీ ఒక్కటే కాదండీ, ఈ తొందర కూడా.

ఈ చర్చ చదివాక మా అబ్బాయితో మాట్లాడాను. ఒక వరుస మొత్తం వయసుల వారీగా సర్ది చూద్దాం అనుకుంటున్నాం. బాబుకా పాపకా అని అడగడం మానేసి, "వయసెంత, కూర్చుని ఆడే పిల్లా, పరిగెత్తే పిల్లా" అని అడగమని కుర్రాళ్ళకి చెప్పాను. బేరం తగ్గితే మళ్ళీ ఇక్కడే రాస్తాను.

ఏటికొప్పాక పక్క ఊరు

అందరూ ఆడపిల్లల చేతికి స్క్రూడ్రైవర్ ఇవ్వడం గురించే మాట్లాడుతున్నారు. మగపిల్లల చేతికి లక్కపిడతలు ఎవరిస్తారు? మా వైపు ఏటికొప్పాక బొమ్మలని అంకుడు కర్రని లేత్ (కర్రని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద తిప్పి, లక్క రంగులద్ది చేస్తారు. 2017లో జీఐ (ఫలానా ఊరి సరుకు అని తెలిపే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. అదే కర్ర, అదే లేత్, అదే చెయ్యి. పిడతగా చేస్తే ఆడపిల్లకి, బొంగరంగా చేస్తే మగపిల్లాడికి అని పంచేది కొనేవాళ్ళే. నాకు అబ్బాయి. లక్కపిడతలు కొనిస్తే మా మామగారు మొహం చిట్లించారు. వాడు మాత్రం పిడతల్ని ఒకదాని మీద ఒకటి నిలబెట్టి ఏది పడకుండా ఉంటుందో చూస్తూ కూర్చున్నాడు. మెకానికల్ అమ్మాయి గారు చెప్పిన ఆ రాత్రి కంప్యూటర్ ముందు కూర్చునేది రేపు ఈ అబ్బాయిలేనండీ, అన్నలుగా, భర్తలుగా, నాన్నలుగా. వాళ్ళ చేతికి ఇప్పుడు ఏ బొమ్మ వస్తుందన్నది ఆడపిల్లల చదువుకి కూడా సంబంధించిందే.

నిజాంపేట అమ్మ

ఈ కోణం నేను ఆలోచించలేదు, చాలా మంచి మాట చెప్పారు.

మాస్టారి సలహా తీసుకుంటున్నాను. రంధ్రాల పట్టీల సెట్ పెద్దది కొంటాను. గులాబీ కిట్ మీద నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది, ముక్కలు ఎక్కువున్నా సరే, "ఆడపిల్లల కోసం" అన్న ముద్ర ఉంటే నేను కొనను. ఫ్రీమాంట్ నాన్న గారితో ఇక్కడ నాకు కుదరదు. మాస్టారూ, ఏడేళ్ళ పిల్లకి అసలు స్క్రూడ్రైవర్ ఇవ్వొచ్చా, లేక సెట్‌లో వచ్చే ప్లాస్టిక్‌దే వాడాలా?

ఈడీ మాస్టారు, కాకినాడ

అసలుదే ఇవ్వండి మేడమ్. పొట్టి పిడి ఉన్న ప్లస్ స్క్రూడ్రైవర్, హార్డ్‌వేర్ షాపులో తక్కువకే దొరుకుతుంది. ప్లాస్టిక్‌ది జారిపోయి పిల్లకి విసుగు పుట్టిస్తుంది. మొదట్లో పక్కన కూర్చోండి, బోల్టు మీరు పట్టుకోండి, తిప్పడం తననే తిప్పనివ్వండి. సెట్ కొన్నాక ఇంట్లో పాడైన రిమోటో, గోడ గడియారమో ఉంటే బ్యాటరీలు తీసేసి విప్పమనండి. కరెంటుకి పెట్టే వస్తువులు మాత్రం ఇప్పుడే వద్దు, పాత ఛార్జర్లు, ఎల్ఈడీ బల్బులు కూడా. స్క్రూలు వేసుకోవడానికి ఒక చిన్న గిన్నె ఇవ్వండి, లేకపోతే సగం మంచం కిందకి పోతాయి.