ఇంట్లో రాత్రి ఫొటోలకి: పాత డీ7000 తీసుకోవాలా, జేబులో పట్టే ఆర్ఎక్స్100 మార్క్ 3 తీసుకోవాలా?

గోదారిగట్టు:
సెకండ్ హ్యాండ్‌లో రెండు బేరాలున్నాయి, ధర దాదాపు ఒక్కటే. ఒకటి నికాన్ డీ7000 (లెన్స్ మార్చుకునే డీఎస్ఎల్ఆర్, 2010 మోడల్, 16 మెగాపిక్సెల్). దాంతో 18-55 కిట్ లెన్స్, జూమ్ లేని 35 మి.మీ. ఎఫ్/1.8జీ లెన్స్ ఇస్తారట. రెండోది సోనీ ఆర్ఎక్స్100 మార్క్ 3 (2014, 20 మెగాపిక్సెల్). వాడకం: రాత్రిపూట ట్యూబులైటు కింద ఇద్దరు పిల్లలు, సంక్రాంతికి భోగిమంట, అప్పుడప్పుడు ప్రయాణం. ఉండేది కాకినాడ. వీడియో అక్కర్లేదు. ఫోన్ ఫొటోలు తెర మీద బాగానే ఉంటున్నాయి గానీ 12×18 ప్రింట్ వేయిస్తే మొహాలు మైనం పూసినట్టు వస్తున్నాయి. ఏది తీసుకోమంటారు?

వెలుగునీడ:
35 మి.మీ. లెన్స్‌తో కలిపి ఇస్తుంటే డీ7000. కిట్ లెన్స్ ఒక్కటే ఇస్తే ఆర్ఎక్స్100. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే "పెద్ద సెన్సర్ కాబట్టి మంచిది" అనే మాట సగమే నిజం.

డీ7000 సెన్సర్ (వెలుతురుని పట్టే చిప్) సుమారు 23.6×15.6 మి.మీ. ఆర్ఎక్స్100ది "ఒక అంగుళం" అంటారు గానీ అది పేరుకే, కొలిస్తే 13.2×8.8 మి.మీ. వైశాల్యంలో మూడింట ఒక వంతు కంటే కాస్త తక్కువ. అంటే ఒకటిన్నర స్టాప్‌కి (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు) కొంచెం పైన తేడా.

ఇప్పుడు మామూలు హాలు తీసుకోండి, ఒక ట్యూబులైటు. షట్టర్ 1/100 సెకను పెడితే, 35 మి.మీ. ఎఫ్/1.8 దగ్గర (ఎఫ్ అంకె చిన్నదైతే లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది) ఐఎస్ఓ, అంటే సెన్సర్ సున్నితత్వం, 500 చాలు. ఆర్ఎక్స్100ని మొహాలకి సరిపోయేంత జూమ్ చేస్తే అపర్చర్ ఎఫ్/2.8కి దిగుతుంది, ఐఎస్ఓ 1250 కావాలి. కిట్ లెన్స్‌ని 55 దాకా లాగితే ఎఫ్/5.6, ఐఎస్ఓ 5000. చిన్న సెన్సర్ మీద 1250 అంటే నాయిస్‌లో (ఫొటోలో తేలే రేణువుల మచ్చల్లో) డీ7000 మీద 4000తో సమానం. కిట్ లెన్స్ వేసిన డీ7000 ఈ జేబు కెమెరా కంటే కాస్త వెనకబడిందన్నమాట. అదే 35 వేస్తే మూడు స్టాప్‌ల ముందుంది. బాడీ ఒకటే, మారింది లెన్స్.

జేబులో జగత్తు:
వెలుగునీడ గారూ, లెక్క సరైనదే, కానీ సగంలో ఆపేశారు. ఎఫ్/1.8 దగ్గర ఫోకస్ లోతు ఎంతో చెప్పలేదు. 35 మి.మీ.తో మీటరున్నర దూరంలో పిల్లని తీస్తే స్పష్టంగా వచ్చేది ముందూ వెనకా కలిపి సుమారు 13 సెంటీమీటర్లు. ఒక పిల్ల మొహం వరకు సరే. పక్కన తమ్ముడు ఒక అడుగు వెనక కూర్చుంటే వాడి మొహం మసకే. ఆయన అడిగింది ఇద్దరు పిల్లల గురించి.

ఇద్దరూ స్పష్టంగా రావాలంటే డీ7000ని ఎఫ్/5కి తిప్పాలి, అప్పుడు 36 సెంటీమీటర్ల దాకా వస్తుంది. ఎఫ్/5కి ఐఎస్ఓ 4000 కావాలి. ఆర్ఎక్స్100 ఎఫ్/2.8 దగ్గరే అదే లోతు ఇస్తుంది, ఐఎస్ఓ 1250తో. మీరే అన్నారు, రెండూ నాయిస్‌లో సమానమని. ఒకే ఫ్రేములో ఒకే లోతు కావాలన్నప్పుడు పెద్ద సెన్సర్ లాభం కరిగిపోతుంది. ఒక్క మనిషిని తీసేటప్పుడే ఆ మూడు స్టాప్‌లు చేతికొస్తాయి.

ఇక బరువు. డీ7000 బ్యాటరీతో 780 గ్రాములు, 35 మరో 200. మొత్తం కిలోకి ఇరవై గ్రాములు తక్కువ. ఆర్ఎక్స్100 మార్క్ 3 కార్డూ బ్యాటరీతో సహా 290. ప్యాంటు జేబులో పడుతుంది, స్కూటర్ మీద పోయేటప్పుడు అడ్డం రాదు. మెడలో కిలో బరువుతో తీర్థానికి వెళితే ఒక చెయ్యి ఎప్పుడూ కెమెరా మీదే ఉండాలి, ఇంకో చేతిలో పిల్లవాడు ఉంటాడు.

వెలుగునీడ:
ఫోకస్ లోతు మాట ఒప్పుకుంటున్నాను, చెప్పాల్సిన విషయమే. కానీ ఎఫ్/1.8కీ ఎఫ్/5కీ మధ్య చాలా చోటుంది. ఎఫ్/2.8 దగ్గర 20 సెంటీమీటర్లు వస్తుంది, ఆర్ఎక్స్100 కంటే ఇంకా ఒకటిన్నర స్టాప్ పైనే మిగులుతుంది. పిల్లలిద్దరినీ ఒకే వరసలో కూర్చోబెట్టినా, కెమెరాని వాళ్ళకి ఎదురుగా తెచ్చుకున్నా సరిపోతుంది. చిన్న సెన్సర్‌తో లోతు తగ్గించుకునే దారే ఉండదు. పెద్దదానితో రెండూ చేయొచ్చు.

అసలు విషయం ఇంకొకటి: ఫ్లాష్. డీ7000 మీద హాట్ షూ (బయటి ఫ్లాష్ తగిలించే గాడి) ఉంది. ఒక మామూలు టీటీఎల్ ఫ్లాష్ (వెలుగు ఎంత కావాలో కెమెరాతో కొలిచి సర్దుకునేది) పెట్టి తలని సీలింగ్ వైపు, కొంచెం వెనక్కి వంచండి. మాన్యువల్ మోడ్, 1/160, ఎఫ్/4, ఐఎస్ఓ 400. పది అడుగుల ఎత్తు తెల్ల సీలింగ్ ఉంటే కిటికీ వెలుతురులా మెత్తగా పడుతుంది. లోతూ వస్తుంది, నాయిసూ ఉండదు, పిల్లలు కదిలినా ఫ్లాష్ వెలుగు వాళ్ళని ఆపేస్తుంది. మనవైపు కొన్ని ఇళ్ళల్లో సీలింగుకి ముదురు రంగు వేస్తారు, అప్పుడు ఆ రంగు మొహాల మీదకి దిగుతుంది. అలాంటిచోట తెల్లగోడ వైపు తిప్పాలి. ఆర్ఎక్స్100 మార్క్ 3కి హాట్ షూనే లేదు. మార్క్ 2కి ఉండేది, వ్యూఫైండర్ ఇరికించడానికి తీసేశారు.

జేబులో జగత్తు:
ఆర్ఎక్స్100లో ఉన్న చిన్న ఫ్లాష్‌ని వేలితో వెనక్కి వంచి పట్టుకుంటే ఇది కూడా సీలింగుకి కొడుతుంది. బలం తక్కువ, ఐఎస్ఓ 1600 దాకా పెంచాలి. మీ ఫ్లాష్‌తో సమానమని అనను. ఆ ఫ్లాష్ ఖర్చు ఆయన బేరంలో లేదు కదా, అది కూడా లెక్కలో వేయండి.

కోఠి షట్టర్:
మీరిద్దరు ట్యూబులైటు అంటున్నరు గని, అది మిణుకుతదన్న సంగతి ఎవ్వరు చెప్పలే. మన కరెంటు 50 హెర్ట్జ్, చోకున్న పాత ట్యూబు, చౌక ఎల్ఈడీ సెకనుకు వందసార్లు వెలిగి తగ్గుతయి. షట్టర్ 1/100 పెడితే ఒక పూర్తి మిణుకు పడుతది, ప్రతి ఫొటో ఒకతీరుగనే ఉంటది. 1/250 పెడితే డీఎస్ఎల్ఆర్‌ల పరదా కిందికి జారేలోపు వెలుగు మారుతది, ఫొటోల ఒక పక్క పసుపు, ఒక పక్క చీకటి. ఆర్ఎక్స్100ల లీఫ్ షట్టర్, ఫ్రేమంత ఒక్కసారే తెరుచుకుంటది, అందుకే పట్టీలు రావు. కాని ఒక ఫొటో వెలుగు, పక్క ఫొటో మబ్బు వస్తది.

కూసొని ఆడుకునే పిల్లలకు 1/100 చాలు. ఉరికే పిల్లలకు 1/250 కావాలె. ఆ బేరం ఖాయం చేసేముందు హాల్ల లైటు మార్చుకోండ్రి. మంచి డ్రైవరున్న ఎల్ఈడీ మిణకదు. ఫోన్ కెమెరాని లైటుకు దగ్గర పెట్టి చూడుండ్రి, తెరమీద నల్ల పట్టీలు జారితే ఆ లైటు పనికిరాదు. కెమెరా కన్న ముందు మార్చాల్సింది అదే.

గోదారిగట్టు:
ఈ మిణుకు సంగతి నాకు తెలియదు, చాలా థాంక్స్ అన్నా. ఫోకస్ పట్టే వేగం సంగతేంటి? పిల్లలు ఒక చోట ఉండరు.

వెలుగునీడ:
డీ7000లో 39 ఫోకస్ పాయింట్లు, వాటిలో మధ్యలోని 9 క్రాస్ రకం (అడ్డగీతలూ నిలువుగీతలూ రెండూ పట్టేవి). చీకటిలో ఆ మధ్యవే నమ్మాలి, అంచులవి తడబడతాయి. ఏఎఫ్-సీ (కదిలేదాని వెంట ఫోకస్ సర్దుతూ ఉండే పద్ధతి) పెట్టి, మధ్య పాయింటుతో కంటిమీద పట్టి, అటూ ఇటూ కదిలితే వెంబడించండి. ఆర్ఎక్స్100 మార్క్ 3ది కాంట్రాస్ట్ పద్ధతి (లెన్స్‌ని కదిపి స్పష్టత పోల్చుకోవడం) మాత్రమే. ఎదురుగా నిలబడ్డ మొహాన్ని చక్కగా గుర్తుపడుతుంది, మనవైపు పరిగెత్తుకొచ్చే పిల్లవాడిని మాత్రం అందుకోలేదు, లెన్స్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ ఉంటుంది. డీ7000 కూడా లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ తీసేలా) పెడితే ఇంతే నిదానం, కాబట్టి వ్యూఫైండర్‌లోంచే చూడండి.

ఒక్క జాగ్రత్త. డీ7000ల మీద ఫోకస్ కాస్త వెనక పడుతోందని ఫిర్యాదులు ఎక్కువే. మెనూలో ఏఎఫ్ ఫైన్ ట్యూన్ ఉంది, −20 నుంచి +20 దాకా. స్టాండు మీద కెమెరా పెట్టి, బల్లమీద దినపత్రికని 45 డిగ్రీల వాలుగా పరిచి, మధ్యలో ఒక శీర్షిక మీద ఎఫ్/1.8తో ఫోకస్ చేయండి. ఆ శీర్షిక కంటే వెనక వరసలు స్పష్టంగా వస్తే మైనస్ వైపు తిప్పాలి. ఒకసారి చూసి నమ్మొద్దు, ప్రతిసారీ ఫోకస్ చెడగొట్టి మళ్ళీ పట్టించి ఐదు ఫొటోలు తీయండి. నికాన్ పాత మోడల్ డీ90లో ఈ సదుపాయం లేదు, అందుకే ఆ ధరకి డీ90 చూపిస్తే వద్దనండి.

రిపేరుబల్ల:
ఎవరూ అసలు ప్రశ్న అడగడం లేదు. పదేళ్ళు దాటిన వస్తువు, చెడిపోతే బాగవుతుందా?

జేబు కెమెరాలో ముందు పోయేది ముందుకు సాగే లెన్స్ గొట్టం. ఒకదానిలో ఒకటి దూరే గొట్టాలు, చిన్న ప్లాస్టిక్ పళ్ళ చక్రాలు, లోపల మడతపడి సాగే ఫ్లెక్స్ కేబులు. ఇసుక రేణువొకటి చాలు, గొట్టం సగంలో ఇరుక్కుని ఎర్రర్ చూపిస్తుంది. ఆ గొట్టం సాగినప్పుడల్లా కొలిమి తిత్తిలా బయటి గాలిని లాగుతుంది, దుమ్ము పోయి సెన్సర్ మీద కూర్చుంటుంది. తుడవాలంటే మొత్తం విప్పాలి. భోగిమంట పక్కన బూడిద ఎగురుతుంటే జూమ్ ఆడించకండి.

డీఎస్ఎల్ఆర్ అయితే లెన్స్ తీసి, మెనూలో మిర్రర్ పైకి లేపి, కెమెరా మూతి కిందికి పెట్టి రబ్బరు బ్లోయరుతో నాలుగుసార్లు ఊదితే చాలావరకు పోతుంది. బ్యాటరీ నిండుగా ఉండాలి, మధ్యలో అయిపోతే అద్దం కిందికి పడుతుంది. నోటితో ఊదొద్దు, తుంపర పడుతుంది. డబ్బాలో వచ్చే గ్యాస్ స్ప్రే అసలే వద్దు. దీనిలో అరిగేవి షట్టర్, చేతిపట్టు రబ్బరు. డీ7000 షట్టర్‌ని కంపెనీ లక్షా యాభై వేల క్లిక్కులకి పరీక్షించింది. రబ్బరు ఉబ్బి ఊడితే జిగురుతో సరి, భయపడక్కర్లేదు.

బేరానికి వెళ్ళినప్పుడు డీ7000కి ఇలా చూడండి. ఒక ఫొటో తీసి, ఎడిట్ చేయని ఆ ఫైలు ఎక్సిఫ్‌లో (ఫొటోతో పాటు దాచుకునే వివరాల్లో) షట్టర్ కౌంట్, అంటే ఎన్ని క్లిక్కులు అయ్యాయో, చూడాలి. వాట్సాప్‌లో పంపిన కాపీలో అది ఉండదు, కార్డులోంచి నేరుగా తీసుకోండి. సెటప్ మెనూలో బ్యాటరీ వివరాలు తెరిస్తే 0 నుంచి 4 దాకా వయసు చూపిస్తుంది, 3 దాటితే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలో తగ్గించమనండి. ఎఫ్/16, ఐఎస్ఓ 100లో తెల్లగోడని ఫోకస్ లేకుండా తీస్తే సెన్సర్ మచ్చలు కనపడతాయి. లెన్స్ విప్పి వెనక నుంచి ఫోన్ టార్చి వేసి ముందు నుంచి వాలుగా చూడండి. ధూళి చుక్కలు పరవాలేదు. సాలెగూడు దారాల్లా కొమ్మలు కొమ్మలుగా కనిపిస్తే ఫంగస్, ఎంత తగ్గించినా ఆ లెన్స్ వద్దు.

ఆర్ఎక్స్100కి: ఇరవైసార్లు ఆన్, ఆఫ్ చేయండి, పదిసార్లు లెన్స్ ఆకాశం వైపు, పదిసార్లు నేల వైపు పెట్టి. మూలిగినా, ఆగి కదిలినా వదిలేయండి. జూమ్ చివర దాకా లాగి ఎఫ్/11తో తెల్లగోడ తీయండి. ఇటుకల గోడని జూమ్ లేకుండా 24 మి.మీ. దగ్గర ఎఫ్/1.8తో నేరుగా తీసి నాలుగు మూలలూ పెద్దది చేసి చూడండి. ఒక్క మూల మాత్రమే చెదిరితే అది కింద పడిన కెమెరా. వ్యూఫైండర్‌ని పైకి లేపి కంటివైపు లాగాక బొమ్మ రావాలి, దాన్ని లేపే మీట పదిసార్లు నొక్కి చూడండి.

జేబులో జగత్తు:
రిపేరుబల్ల గారు చెప్పిన గొట్టం జబ్బు నిజమే, దాన్ని కాదనలేను. జేబులో వేసేటప్పుడు చిన్న గుడ్డసంచిలో వేస్తే నూలు పోగులు, ఇసుక చాలావరకు ఆగుతాయి. జూమ్ అక్కర్లేదనుకుంటే రికో జీఆర్ 2 కూడా చూడమంటాను. డీ7000తో దాదాపు సమానమైన సెన్సర్, జేబులో పడుతుంది, 28 మి.మీ. చూపు, ఎఫ్/2.8. లోతూ నాయిసూ రెండింట్లోనూ ఈ రెండింటికీ మధ్యన నిలుస్తుంది. దానిలోకీ దుమ్ము పోతుంది, చీకటిలో ఫోకస్ నిదానం. పిల్లలకి దగ్గరగా వెళ్ళి తీసే అలవాటున్నవాళ్ళకి బాగుంటుంది.

గోదారిగట్టు:
భోగిమంటకి ఎలా పెట్టాలి? కాకినాడ తేమలో లెన్స్ ఎలా దాచాలి?

వెలుగునీడ:
మంటని కెమెరాకి వదిలేస్తే మొహాలు నల్లబడతాయి. మాన్యువల్‌లో ఐఎస్ఓ 1600, ఎఫ్/2.2, 1/125తో మొదలుపెట్టి మొహం చూసి సర్దుకోండి, మంట మధ్యభాగం తెల్లగా పోయినా పోనివ్వండి. రా ఫైలు (కెమెరా సవరించని అసలు ఫైలు) తీయండి. వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) ఆటోలో పెడితే ఆ ఎర్రదనాన్ని చంపేస్తుంది, ఎండ గుర్తు మీద పెట్టండి. ఇక్కడ డీ7000 నీడల్ని పైకి లాగినా మచ్చలు రావు, ఆర్ఎక్స్100లో త్వరగా తేలతాయి.

రిపేరుబల్ల:
రబ్బరు అంచున్న గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, పది లీటర్లది. అందులో 200 గ్రాముల సిలికా జెల్ గుడ్డమూటలో కట్టి, ఒక చిన్న తేమ మీటరు. అంకె 40 నుంచి 50 మధ్య ఉండాలి. మరీ 30 కిందికి దిగితే రబ్బరు, గ్రీజు ఎండిపోతాయి, మూట సగం తీసేయండి. నారింజ రంగు గింజలు కొనండి, తేమ పీలిస్తే ఆకుపచ్చకి మారతాయి. వంటకి వాడని పాత మూకుడులో సన్నమంట మీద కలుపుతూ వేడి చేస్తే మళ్ళీ నారింజకి వస్తాయి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి. నీలం గింజల్లో కోబాల్ట్ ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో వద్దు. తోలు సంచిలో, బట్టల బీరువాలో లెన్స్ పెట్టకండి. ఏసీ గదిలోంచి బయటికి తీసుకెళ్ళేటప్పుడు కవరులో చుట్టి అరగంట ఆగాక విప్పండి, లేకపోతే అద్దం మీద తేమ పడుతుంది.

గోదారిగట్టు:
ఆదివారం రెండూ చూడటానికి వెళ్తున్నాను. టార్చి, దినపత్రిక, నా సొంత మెమరీ కార్డు పట్టుకెళ్తాను. 35 మి.మీ. లెన్స్ శుభ్రంగా ఉంటే డీ7000, దానిలో దారాలు కనిపిస్తే ఆర్ఎక్స్100కి ఇటుకల గోడ పరీక్ష.

కోఠి షట్టర్:
కార్డు సంగతి గుర్తుపెట్టుకోండ్రి. డీ7000 64 జీబీ కార్డు తీసుకుంటది, రెండు స్లాట్లున్నయి, రెండిట్ల కార్డు వేసి ఫొటో తీసి చూడుండ్రి. ఒక స్లాటు పిన్ను వంగితే బయటికి కనపడదు.