సమాజానికి నేనెంత బాకీ? అసలు బాకీ ఉన్నానా?

ఒంటరి బాటసారి:
సూటిగా అడుగుతున్నాను. ఎవరికీ హాని చెయ్యను, పన్ను ఎగ్గొట్టను, ఎర్రలైటు పడితే అర్ధరాత్రి రోడ్డు ఖాళీగా ఉన్నా ఆగుతాను. ఇంతకు మించి సమాజానికి నేను ఇవ్వాల్సింది ఏముంది? మొన్న నేను చదువుకున్న స్కూలు వాళ్లు విరాళం కోసం ఫోన్ చేశారు. ఇవ్వనన్నాను. అవతలి మనిషి గొంతు మారిపోయింది, "సమాజం రుణం తీర్చుకోవాలి కదండీ" అన్నాడు. ఏ రుణం? నేనెక్కడ సంతకం పెట్టాను?

రాబర్ట్ నోజిక్ అనే అమెరికన్ తత్వవేత్త 1974లో దీనికి ఒక ఉదాహరణ చెప్పాడు. మీ పేటలో మీరు కాక 364 మంది పెద్దవాళ్లు ఉన్నారనుకోండి. వాళ్లంతా కలిసి మైకు సెట్టు పెట్టి రోజుకొకరు చొప్పున పాటలు వేస్తారు, వార్తలు చదువుతారు, కథలు చెబుతారు. కిటికీ తెరిచినప్పుడు మీరూ విన్నారు, మీకూ బాగానే ఉంది. 138 రోజులయ్యాక మీ వంతు వచ్చింది. పని మానుకుని రోజంతా మైకు దగ్గర కూర్చోవాలా? అక్కర్లేదంటాడు ఆయన. నాదీ అదే మాట. అడగకుండా వినిపించి, ఆ తర్వాత లెక్క చెప్పడం న్యాయం కాదు.

లెక్కల మాస్టారు:
బాబూ, నువ్వు ఈ పోస్టు రాసిన భాష ఎవరు కనిపెట్టారు? నువ్వా? అక్షరం నేర్పినవాళ్లు, రోడ్డు వేసినవాళ్లు, నువ్వు పుట్టిన రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు, వీళ్లలో ఎవరితో ఒప్పందం రాసుకున్నావు? తట్టు సంగతే తీసుకో, అదే మీజిల్స్. అది ఊరంతా అంటుకోకుండా ఉండాలంటే నూటికి 95 మందికి టీకా పడి ఉండాలి. నెలల పిల్లలకి ఇంకా టీకా వేసే వయసు రాదు, ఒంట్లో రోగనిరోధక శక్తి బాగా తగ్గిపోయినవాళ్లకి ఆ టీకా వెయ్యకూడదు. వాళ్లని కాపాడేది చుట్టూ సూది పొడిపించుకున్నవాళ్లు. ఆ నెలల పిల్లాడు సంతకం పెట్టలేదు కదా అని వదిలేద్దామా?

ఇంకొకటి. 1948 డిసెంబర్ 10న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మానవ హక్కుల ప్రకటనలో 30 అధికరణాలుంటే దాదాపు అన్నీ హక్కుల గురించే. 29వ దాంట్లో మాత్రం బాధ్యత మాట ఎత్తారు. మనిషి వ్యక్తిత్వం పూర్తిగా వికసించేది సమాజంలోనే కాబట్టి దాని పట్ల అతనికి బాధ్యతలున్నాయని రాశారు. తీసుకున్నవాడు తిరిగి ఇవ్వాలి. ఇది లెక్క.

నిశాచరి:
పన్ను కడుతున్నాడు కదా మాస్టారూ, అది తిరిగి ఇచ్చినట్టు కాదా?

ఒంటరి బాటసారి:
ముందు ఒక మాట, దయచేసి నన్ను బాబూ అనకండి. నా వయసు మీకు తెలియదు.

మైకు ప్రశ్నకి మీరు జవాబు చెప్పలేదు. రోడ్డు, నర్సు, భాష అని పెద్ద జాబితా ఇచ్చారు. నర్సుకి జీతం వచ్చింది, రోడ్డు వేసినవాళ్లకి డబ్బు ముట్టింది, ఆ డబ్బు నాలాంటివాళ్లు కట్టిన పన్నే. టీకా వేయించుకోమంటే నేను కాదనను, ఎందుకంటే నావల్ల ఇంకొకరికి జబ్బు రాకూడదు, అది హాని చెయ్యకపోవడం కిందకే వస్తుంది. నేనడిగేది మైకు గురించి. ఆ 139వ రోజు నేను వెళ్లాలా వద్దా? అవునో కాదో చెప్పండి చాలు.

లెక్కల మాస్టారు:
మైకు ఉదాహరణే తప్పు. పాటలు వినకుండా బతకొచ్చు. నీళ్లు లేకుండా, చదువు లేకుండా, దొంగల భయం లేని వీధి లేకుండా బతకగలరా? లేకపోయినా గడిచిపోయే వస్తువుని పెట్టి, లేకపోతే గడవని వాటి గురించి తీర్పు చెప్పడం ఎక్కడి తర్కం?

ఒంటరి బాటసారి:
అంటే మైకు దగ్గరికి వెళ్లక్కర్లేదని ఒప్పుకున్నట్టే కదా.

లెక్కల మాస్టారు:
నేనలా అనలేదు.

గట్టు మీద కాకి:
రెండు రోజులుగా మైకు తప్ప ఇంకో మాట లేదు. పీటర్ సింగర్ అనే తత్వవేత్త 1972లో అడిగిన ప్రశ్న చూడండి. చెరువులో పిల్లాడు మునిగిపోతున్నాడు, నువ్వు దిగితే బట్టలు మాత్రమే పాడవుతాయి, దిగుతావా లేదా? దిగాలని అందరం అంటాం. మరి దూరంగా ఆకలితో పోతున్న పిల్లాడికి మాత్రం ఎందుకు లెక్క మారుతుంది? ఫ్రాన్స్‌లో అయితే ప్రాణాపాయంలో ఉన్న మనిషిని, తనకి ముప్పు లేకపోయినా, చూస్తూ వదిలేస్తే చట్టప్రకారం జైలు.

ఒంటరి బాటసారి:
చెరువులో దూకుతాను. అక్కడ పిల్లాడు మునిగిపోతున్నాడు కాబట్టి, వాళ్ల నాన్నకి నేను బాకీ ఉన్నానని కాదు. ఆ రెండూ కలిపెయ్యకండి.

లెక్కల మాస్టారు:
సరే, పుస్తకాలు పక్కన పెట్టి నా సంగతి చెబుతాను. 34 ఏళ్లు పాఠం చెప్పాను. లెక్కల్లో వెనకబడిన పిల్లల్ని సాయంత్రాలు మా ఇంటి అరుగు మీద కూర్చోబెట్టుకుని ఒక్క రూపాయి తీసుకోకుండా చెప్పాను. వాళ్లలో ఒకడు ఇప్పుడు పెద్ద హోదాలో ఉన్నాడు. మా ఆవిడకి ఆపరేషన్ రోజు రక్తం తక్కువ పడింది. వాడిది అదే గ్రూపు అని నాకు తెలుసు, వాళ్ల ఆఫీసు ఆసుపత్రికి పది నిమిషాల దూరం. ఫోన్ చేశాను. "మీటింగులో ఉన్నాను మాస్టారూ, తర్వాత చేస్తాను" అన్నాడు. ఆ తర్వాత రాలేదు. భిన్నాలు అర్థం కాక వాడు ఏడుస్తుంటే పలక మీద రొట్టె బొమ్మ గీసి ముక్కలు చేసి చూపించినవాణ్ని నేను. ఇప్పుడు చెప్పండి, వాడు నాకేమీ బాకీ లేడా?

కొత్త సభ్యుణ్ని:
చదువుతుంటే బాధేసింది సార్.

ఒంటరి బాటసారి:
అతను రావాల్సింది. రాకపోవడం తప్పే. కానీ మాస్టారూ, మీరు పాఠం చెప్పారా, అప్పు ఇచ్చారా? అరుగు మీద కూర్చున్నప్పుడే ఆ పిల్లాడికి చెప్పారా, దీనికి ఎప్పుడో ఒకప్పుడు వసూలుంటుందని? చెప్పకుండా మనసులో ఖాతా తెరిచి ఇన్నేళ్లు వడ్డీ రాసుకున్నారు. మీలాంటివాళ్లే

లెక్కల మాస్టారు:
నోరు అదుపులో పెట్టుకో. కృతఘ్నులకి వకాల్తా పుచ్చుకోవడానికి సిగ్గుండాలి.

ఒంటరి బాటసారి:
మధ్యలో ఎంటర్ నొక్కేశాను, పూర్తి చేస్తున్నాను. సిగ్గు గురించి నాకు చెప్పకండి, అది నాకు తొమ్మిదో తరగతిలోనే తెలుసు. మా నాన్న పోయాడు, ఫీజు కట్టడానికి ఒకాయన ముందుకొచ్చాడు. ఏటా వార్షికోత్సవం రోజు నన్ను స్టేజీ ఎక్కించేవారు. "ఈ అబ్బాయికి తండ్రి లేడు" అని పరిచయం చేసేవారు. ముందు వరసల్లో నా క్లాసువాళ్లంతా కూర్చుని ఉండేవారు. హెడ్మాస్టర్ రాసిచ్చిన కాగితం మైకులో చదవాలి. చెమటకి ఆ కాగితం వేళ్లకి అంటుకుపోయేది. ఒక ఏడు మొత్తం చదివి దిగబోతుంటే మైకు ఆన్ కాలేదన్నారు. మళ్లీ మొదటినుంచి చదివించారు. "మీ దయవల్లే నేను మనిషినయ్యాను." రెండుసార్లు. ఆ ఫీజు నాకు ఉపయోగపడలేదని నేననను. కానీ దానికి నేను పూర్తిగా చెల్లించేశాను, అందరి ముందూ చెల్లించాను. ఆ స్కూలే మొన్న ఫోన్ చేసింది. నేను డబ్బిస్తే ఇంకో పిల్లాణ్ని స్టేజీ ఎక్కిస్తారు.

మోడరేటర్:
ఇద్దరూ వ్యక్తిగత దూషణ ఆపాలి. ఇంకోసారైతే థ్రెడ్ లాక్ చేస్తాను.

చిన్నక్క:
లాక్ చెయ్యకండి. మొదటినుంచీ చదువుతున్నాను, ఇప్పుడు రాయాలనిపించింది. మీ ఇద్దరి లెక్కలోనూ మా తమ్ముడు లేడు.

వాడికి 31 ఏళ్లు. మాటలు రావు, తనంతట తాను కూర్చోలేడు. ఒక పూట తినిపించడానికి ముప్పావుగంట పడుతుంది, తొందరపెడితే పొలమారుతుంది. మింగాడో లేదో గొంతు మీద వేలు పెట్టి చూసుకుని గాని రెండో చెంచా పెట్టను. వాడు ఎప్పుడూ పన్ను కట్టడు, ఎవరికీ పాఠం చెప్పడు, ఎవరితోనూ ఒప్పందం చేసుకోలేడు. బాటసారి గారూ, సంతకం పెట్టినవాళ్ల మధ్యే బాకీలుంటాయంటే వాడికి ఎవరూ ఏమీ బాకీ లేరు. మాస్టారూ, తీసుకున్నవాడు తిరిగి ఇవ్వాలంటే వాడు పుట్టినప్పటినుంచీ ఎగవేతదారు.

1971లో న్యాయం గురించి పెద్ద పుస్తకం రాసిన జాన్ రాల్స్ కూడా ఇక్కడే ఆగాడు. మనం ఎవరిగా పుడతామో తెలియకుండా ముందు నియమాలు రాసుకుందాం అన్నాడు, ఎంత మంచి ఆలోచన. కానీ ఆ సమాజంలో అందరూ జీవితమంతా తమ వంతు పని చెయ్యగలిగినవాళ్లే అనుకుని మొదలుపెట్టాడు, మిగతావాళ్ల సంగతి తర్వాత చూద్దామన్నాడు. ఈవా కిట్టే అనే తత్వవేత్త దీన్ని గట్టిగా నిలదీసింది. ఆమె కూతురిది మా తమ్ముడిలాంటి పరిస్థితే. ప్రతి మనిషీ ఎవరో ఒక తల్లి బిడ్డ అని ఆమె వాదన, అంటే ఎవరో పెంచితేనే బతికి బట్టకట్టినవాళ్లం అందరం. పెంచేవాళ్లని చూసుకోవడం సమాజం పని అంటుంది.

నేను ఉద్యోగం మానేసి 6 ఏళ్లయింది. "మీరు దేవతండీ" అంటారు అందరూ. ఆ మాట వింటే భయం వేస్తుంది, అలా అన్నాక వాళ్లకి ఇంక నన్ను పట్టించుకోవాల్సిన అవసరం తీరిపోతుంది.

లెక్కల మాస్టారు:
అమ్మా, చేతకానివాళ్లని మినహాయించే నేను చెప్పాను. వాళ్లని ఎవరు అడుగుతారు?

చిన్నక్క:
ఆ మినహాయింపు అన్న మాటే నాకు పడదు మాస్టారూ. నియమం అంతా రాసేసి చివర్లో బ్రాకెట్లో పెట్టే మనిషా వాడు? మీరూ నేనూ మొదటి రెండేళ్లు వాడిలాగే ఉన్నాం, చివరి రెండేళ్లు కూడా బహుశా అలాగే ఉంటాం. మధ్యలో కొన్నాళ్లు కాళ్ల మీద నిలబడ్డామని మనల్ని చూసి నియమం రాసుకున్నాం.

ఒంటరి బాటసారి:
అక్కా, మీ తమ్ముడి కోసం ఇప్పుడు కట్టే పన్నుకి రెండింతలు కట్టమన్నా కడతాను, నిజంగా అంటున్నాను. కానీ అది అతని హక్కుగా వెళ్లాలి. ఎవరి దయగానూ కాదు. మీరు ఏ స్టేజీ మీదా నిలబడి దండం పెట్టక్కర్లేని పద్ధతిలో వెళ్లాలి. బాకీ అన్న మాట వింటేనే నాకు ఒళ్లు మండేది ఇందుకే, ఇచ్చినవాడి చేతిలో ఎప్పుడూ ఒక తాడు ఉంటుంది.

లెక్కల మాస్టారు:
ఇప్పుడు అసలు చోటికి వచ్చాం. హక్కు, పన్ను, ఫారం. బాగుంది. కానీ ఏ ఫారం నింపితే ఒక మనిషి సాయంత్రం అరుగు మీద కూర్చుని భిన్నాలు చెబుతాడు? చేసిన మేలు గుర్తుంచుకునేవాళ్లు లేకపోతే చేసేవాళ్లు తగ్గిపోతారు. నీకు జరిగింది అవమానమే, కాదనను, చదివి నిద్ర పట్టలేదు. అయినా కృతజ్ఞత వేరు, అవమానం వేరు. ఒకటి చెడిందని రెండోదాన్ని పారెయ్యకూడదు.

ఒంటరి బాటసారి:
కృతజ్ఞత లోపలినుంచి రావాలి. అడిగి పుచ్చుకుంటే అది వసూలు.

గట్టు మీద కాకి:
రక్తదానం మాటెత్తారు కాబట్టి చెబుతున్నాను. 1970లో రిచర్డ్ టిట్మస్ అనే బ్రిటిష్ పరిశోధకుడు బ్రిటన్‌లో ఉచితంగా రక్తం ఇచ్చే పద్ధతినీ అమెరికాలో డబ్బుకి అమ్మే పద్ధతినీ పక్కపక్కన పెట్టి రాశాడు. ఇచ్చినవాడికి అది ఎవరికెళ్తుందో తెలియదు, పుచ్చుకున్నవాడికి ఎవరిదో తెలియదు, థ్యాంక్స్ చెప్పే దారి కూడా లేదు. అయినా జనం వచ్చి ఇస్తున్నారు, పైగా కొన్న రక్తం కంటే అదే సురక్షితం అన్నాడు.

లెక్కల మాస్టారు:
ఆ రోజు మా ఆవిడకి చివరికి బ్లడ్ బ్యాంకు నుంచే రెండు యూనిట్లు వచ్చాయి. సంచీ మీద గ్రూపు, తారీఖు, ఒక నంబరు ఉన్నాయి. పేరు లేదు. రాని కుర్రాడి పేరు ఇన్నేళ్లూ మనసులో పెట్టుకున్నాను గాని ఆ ఇచ్చినవాళ్లెవరో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మీరు అన్నదానికి ఒప్పుకుంటున్నానని కాదు. ఇది మాత్రం నిజం.

ఒంటరి బాటసారి:
అమ్మగారు ఇప్పుడెలా ఉన్నారు మాస్టారూ?

లెక్కల మాస్టారు:
బాగానే ఉంది. మెట్లు ఎక్కలేదు.

చిన్నక్క:
మీరు హక్కన్నారు, మాస్టారు కృతజ్ఞతన్నారు. హక్కు వస్తే నాకు నెలనెలా డబ్బొస్తుంది, కావాలి కూడా. కృతజ్ఞత ఉన్నవాళ్లుంటే ఎప్పుడో ఒక ఆదివారం వచ్చి కూర్చుంటారు. నాకు ఇప్పుడు 44. మొన్న వాణ్ని పక్కకి తిప్పుతుంటే నడుం పట్టేసింది, కాసేపు ఇద్దరం అలాగే ఉండిపోయాం. నేను లేకపోతే వాడి గొంతు మీద వేలు పెట్టి చూసేది ఎవరు? అది ఎవరు ఎవరికి బాకీ?

ఒంటరి బాటసారి:
నా దగ్గర జవాబు లేదక్కా.

లెక్కల మాస్టారు:
ఆదివారం అన్నావు కదమ్మా. మెసేజ్ పెట్టాను, చూడు.