సూపర్‌మ్యాన్ కథలు ఎక్కడ మొదలుపెట్టాలి?

మాది అమలాపురం దగ్గర ఒక లంక ఊరండి. చిన్నప్పుడు సూపర్‌మ్యాన్ అంటే నాకు అస్సలు పడేది కాదు. తగిలిన తుపాకీ గుండే నలిగిపోతుంటే ఇంక టెన్షన్ ఎక్కడిది? బ్యాట్‌మ్యానే నా హీరో.

2022 జూలై వరదల్లో మా వీధిలో నడుముల్లోతు నీళ్లు. మా బాబాయి పడవ వేసుకుని జనాన్ని ఏటిగట్టుకు చేరుస్తున్నాడు. ఇటు ఒక బాలింత పిలుస్తోంది, అటు చూరు పట్టుకుని ఒక ముసలాయన. ఎటు వెళ్లాలో తేలక బాబాయి ఒక్క క్షణం తెడ్డు ఆపేశాడు. ఆ మొహం నేను మర్చిపోలేదు.

ఆ రాత్రే సూపర్‌మ్యాన్ గుర్తొచ్చాడు (నవ్వకండి). ఎంత దూరం కేకైనా వినిపిస్తుంది కానీ, రెండు చోట్లా ఒకేసారి ఉండలేడుగా! బలం ఎక్కువైన కొద్దీ ఆ బాధ పెరిగేదే. పైగా అతన్ని పెంచింది అమెరికాలోని కాన్సాస్‌లో, మనలాంటి ఒక రైతు కుటుంబం.

కథ రాసిన జెర్రీ సీగెల్, బొమ్మలు గీసిన జో షుస్టర్ 1938లో కామిక్స్‌లోకి అతన్ని తెచ్చినప్పుడు ఎగరడమే రాదు, గెంతేవాడంతే. పెళ్లాన్ని కొట్టే మొగుణ్ణి పట్టుకున్నది కూడా ఆ మొదటి కథలోనే.

ఇన్నేళ్ల కథల్లో నేను దేనితో మొదలుపెట్టాలండి? కొట్లాటలు తక్కువ, మనిషి కనిపించేవి కావాలి. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. పన్నెండేళ్ల మా మేనల్లుడు కూడా చదువుతానంటున్నాడు. రాజమండ్రిలోగానీ కాకినాడలోగానీ పాత కామిక్స్ దొరికే చోటుందా? వెయ్యి రూపాయలు దాటకూడదు, అదీ కొబ్బరి దింపు డబ్బులు చేతికొచ్చాకే.